స్కాలర్‌షిప్పు కోసం ఇళ్ళు చూసే ఉద్యోగం

మా ట్రస్టులో కొత్తగా చేరిన పిల్లలిద్దరు మొన్న మా ఇంటికి వచ్చారు. సోషల్ వర్క్ చదువుకున్నారు, చురుకైనవాళ్ళు. ఫోనులో ఏదో యాప్ తెరిచి చూపించి, "మేడమ్, ఇంటికి వెళ్ళి ఇందులో టిక్కులు పెట్టాలట. ఫ్రిజ్ ఉందా, బండి ఉందా, పైన రేకులా శ్లాబా అని. ఇవి కాక ఇంకేమైనా చూడాలా?" అని అడిగారు. ముందు నాకు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది. వాళ్ళ మీద కాదు, ఆ యాప్ చేసినవాడి మీద. నా జన్మంతా చేసిన పనిని ఆ మహానుభావుడు నాలుగు టిక్కులు చేసి పారేశాడు.

ఆ రోజుకు కాఫీ ఇచ్చి, నోటితో చెప్పగలిగినంత చెప్పి పంపాను. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఇంక్రిమెంటు వచ్చింది, ఏ ఫైలు ఏ బీరువాలో పెట్టేవాళ్ళం అన్నవి ఇందులో ఉండవు. అవి నాకే గుర్తు లేవు. మనుషులు గుర్తున్నారు.

ఇంతకీ పనేమిటంటే

ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలు పై చదువుకు సాయం కావాలని మా ట్రస్టుకు దరఖాస్తు పెట్టుకుంటారు. ఫీజు రీయింబర్స్‌మెంటు అందనివాళ్ళు, అందినా హాస్టలుకూ మెస్సుకూ చాలనివాళ్ళు. మార్కులు చూసి ఆఫీసులో కొందరిని ఏరతారు. అక్కడి నుంచి ఒక మనిషి వాళ్ళ ఇంటికి వెళ్ళి, కూర్చుని, మాట్లాడి, వచ్చి కమిటీకి ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆ మనిషిని నేను. గాజువాక బస్సులు, కంచరపాలెం రైలు గేటు దగ్గర నిలబడి నిలబడి కాళ్ళు లాగడం, సింహాచలం కొండ కింద పూల కొట్లవాళ్ళ ఇళ్ళు వెతుక్కోవడం, ఇదంతా నడి వేసవిలో. విశాఖ ఉక్కపోత సంగతి నేను ఎవరికీ చెప్పక్కర్లేదు.

మా నాన్నగారు గోదావరి జిల్లా నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చినవారు. నేను క్వార్టర్స్‌లో పెరిగాను. అంచేత మొదట్లో నాకు ఈ ఊరు తెలుసుననే అనుకునేదాన్ని. ఇళ్ళలోకి వెళ్ళాక తెలిసింది, నాకు తెలిసింది మా క్వార్టర్సూ బీచ్ రోడ్డూ మాత్రమేనని.

నేర్చుకున్నవి రెండు మూడు చెబుతాను. ఎవరింట్లోకి వెళ్ళినా వెళ్ళగానే కళ్ళు అటూ ఇటూ తిప్పకండి. మీ ఇంటికి ఎవరో వచ్చి మీ గోడలు లెక్కపెడుతుంటే మీకెలా ఉంటుంది? వంటిల్లు చూపించమని అడగొద్దు. పట్టుచీరల జోలికి పోవద్దు, అలాగని పేదరికం నటిస్తూ వెలిసిన చీర కట్టుకుని కూడా వెళ్ళొద్దు, ఆ వేషం వాళ్ళు ఇట్టే కనిపెడతారు. అన్నిటికంటే ముఖ్యం, దరఖాస్తు పెట్టింది పిల్లలు. మీరు పిల్లను అడిగితే తండ్రి జవాబు చెబుతాడు, తల్లి అందుకుంటుంది, మేనమామ ముగిస్తాడు. పిల్ల నోరు విప్పేదాకా ఓపిగ్గా కూర్చోవాలి. కొన్ని ఇళ్ళలో అది పెద్ద యుద్ధమే.

తాగని తాగుబోతులు

మా దరఖాస్తులో ఒకప్పుడు "నా కష్టాలు" అని ఒక వ్యాసం రాయమనేవారు. ఎవరి ఆలోచనో తెలియదు కానీ, పదిహేడేళ్ళ పిల్లని పట్టుకుని నీ ఏడుపేమిటో పేజీడు రాయమ్మా అనడం ఎంత దరిద్రంగా ఉంటుందో ఎవరికీ తోచలేదు.

ఒక వేసవిలో కంచరపాలెం నుంచి వచ్చిన వ్యాసాలు చదువుతుంటే నా మతి పోయింది. అందరి నాన్నలూ తాగుబోతులే. అందరి అమ్మలకూ గుండె జబ్బే. ఒక అబ్బాయి ఇంటికి వెళ్ళాను. తండ్రి లేత్ వర్క్‌షాపు నడుపుతాడు, నుదుట విభూతి, మెడలో మాల, నిమ్మళంగా ఉన్నాడు. నేను కాస్త జాగ్రత్తగా, "ఈ మధ్య తాగుడు కొంచెం తగ్గించారా?" అని అడిగాను. ఆయన భార్య వైపు చూశాడు. భార్య ఆయన వైపు చూసింది.

"ఏటమ్మా మీరు అడుగుతన్నది?" అన్నాడు. "నాను టీ కూడా తాగను."

కుర్రాడు తల దించుకుని నేలలో కూరుకుపోయేలా ఉన్నాడు. సంగతేమిటంటే, రైలు గేటు దగ్గర నెట్ సెంటరువాడు దరఖాస్తు నింపిపెట్టి, వ్యాసం కూడా తనే టైపు కొట్టి ఇస్తున్నాడు. ఇలా రాస్తేనే వస్తుందని చెప్పాడట. వీధి మొత్తం తండ్రులకు ఒకేసారి తాగుడు అంటించేశాడు. ఆ తండ్రి కోప్పడతాడనుకున్నాను. కొడుకు వైపు తిరిగి, "సదువుకోసం నన్ను తాగుబోతుని సేసినావేట్రా? ముందే సెప్తే ఓ సుక్క ఏసుకుని కూకుందును గదరా" అన్నాడు. ఆ ఇంట్లో నవ్వినంతగా నేను ఏ ఇంట్లోనూ నవ్వలేదు. కుర్రాడికి సాయం ఇప్పించాను. ఇప్పుడు వాడు పోర్టులో క్రేన్ల మరమ్మతు చూసే ఇంజనీరు.

ఆ వ్యాసం తీయించడానికి మా సెక్రటరీ గారితో నేను రెండు వేసవులు పోట్లాడాను. చివరికి దాని స్థానంలో "మీ ఇంట్లో ఎవరి పని మీకు బాగా తెలుసో వాళ్ళ పని గురించి రాయండి" అని పెట్టించాను. ఆ తర్వాత వచ్చిన కాగితాలు చదవాలి మీరు. పోర్టులో బొగ్గు ఓడలు ఆగే బెర్తు దగ్గర పని, చేపలు ఎండబెట్టే పని, కొండ మీద ప్రసాదం వండే పని. ఏడుపు రాయమంటే ఎవడో కొట్టిచ్చినది పట్టుకొచ్చిన పిల్లలే పని రాయమంటే సొంతంగా రాశారు. ఈ ఒక్క మార్పుకు నన్ను నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను.

గోడ మీద తెల్ల మచ్చ

గాజువాకలో ఒక ఇల్లు. తండ్రి స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పనులు పట్టేవాడు. నేను వెళ్ళేసరికి అందరూ చాపల మీద కూర్చుని ఉన్నారు, ఏదో చావు ఇంట్లోలా. తల్లి మెడలో పసుపు తాడు తప్ప ఇంకేమీ లేదు. గోడ మీద మాత్రం పొడవుగా తెల్లటి మచ్చ, కింద రెండు బోల్టు రంధ్రాలు. నేను చూడనట్టే ఉన్నాను. ఇంతలో లోపలి నుంచి వాళ్ళ మామ్మగారు చేతికర్రతో వచ్చి, "ఒరేయ్, ఆ ఏసీ ఎప్పుడు బిగిస్తార్రా? మధ్యాహ్నం నేనెక్కడ పడుకోను?" అంది. అంతటితో ఆ దరఖాస్తు కథ ముగిసింది.

ఇలాంటివి నాలుగైదు ఎదురయ్యాక సెక్రటరీ గారు ఒక రూలు రాశారు. ఇంటి పరిస్థితిని మార్చి చూపించిన వారి దరఖాస్తు తిరస్కరించబడును. నాకూ సబబుగానే అనిపించింది. ఏసీ దాచినవాడికి ఇస్తే, దాచడానికి ఏమీ లేనివాడి నోట్లో మట్టి కొట్టినట్టే కదా.

ఈ సెక్రటరీ గారి గురించి రెండు మాటలు చెప్పాలి. సుబ్బరామయ్య గారు బ్యాంకులో పనిచేసి వచ్చినాయన. అప్పు ఇవ్వడం, వసూలు చేయడం, జీవితమంతా అదే పని. చేతిలో ఎప్పుడూ సొంత మంచినీళ్ళ సీసా. ఇళ్ళకు వెళ్తే మంచినీళ్ళు కూడా ముట్టరు. ఒకసారి పెద్ద నాయకుడొకరు ఫోను చేసి ఫలానా కుర్రాడికి ఇమ్మంటే, "సరేనండి, ఆ అబ్బాయి ఇంటికి కూడా మా మేడమ్ వస్తారు" అని పెట్టేశారు. ఆయనలో వంకర లేదు. కానీ ముందుగా నిర్ణయించిన గీత ఒకటి ఉంటే, దాని మీద ఎవరు నిలబడ్డారో చూసే అలవాటు కూడా లేదు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నంత ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, పోట్లాడినంత కూడా ఎవరితోనూ పోట్లాడలేదు.

పోలమ్మ ఇంట్లో సోఫా

ఇక నేను అసలు రాయాలనుకున్న ఇంటికి వస్తాను.

నూకరత్నం జాలరిపేట అమ్మాయి. తండ్రి ఇంకొకరి బోటు మీద కళాసీగా వేటకు వెళ్తాడు, తల్లి పోలమ్మ చేపలు అమ్ముతుంది. పిల్లకు కేరళలో ఓడల నిర్మాణం నేర్పే ఇంజనీరింగ్ కాలేజీలో సీటొచ్చింది. రాష్ట్రం దాటిన చదువు కాబట్టి రీయింబర్స్‌మెంటు రాదన్నారు. వచ్చే సోమవారంలోగా డబ్బు కట్టకపోతే సీటు వేరేవాళ్ళకు పోతుంది. మా ట్రస్టు తప్ప ఆ పిల్లకు ఇంకో దారి లేదు.

సాయం పెద్దది కాబట్టి ఆ ఇంటికి సెక్రటరీ గారు కూడా నాతో వచ్చారు. వేట నిషేధం రోజులు. చిన్న తెప్పలు తప్ప మరబోట్లన్నీ రేవులో కట్టేసి ఉన్నాయి, మగవాళ్ళు నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. ఫలానా రోజు వస్తున్నామని పిల్లతో ముందే కబురు చేశాను.

ఒకే గది, ముందు చిన్న వసారా. ఆ గదిలోకి అడుగు పెట్టి నేను గుమ్మంలోనే ఆగిపోయాను. సోఫా సెట్టు. ప్లాస్టిక్ కవరు తీయని పెద్ద టీవీ. రెండు ఫ్యాన్లు. ఒక ఫ్రిజ్, దాని వైరు కిటికీలోంచి బయటికి పోయి పక్కింటి గోడ దాటుతోంది. అద్దాల షోకేసు, అందులో ఎవరిదో పెళ్ళి ఫోటో, ఆ పెళ్ళికూతురు పోలమ్మ కాదు, పెళ్ళికొడుకు ఆమె మొగుడు కాదు. సోఫా ఎంత పెద్దదంటే వెనక తలుపు తెరుచుకోవడం లేదు. పోలమ్మ పట్టుచీరలో నిలబడి ఉంది. నూకరత్నం మెడలో మూడు వరసల బంగారం, ముఖంలో మాత్రం ఏడుపు ఒక్కటే తక్కువ.

"కూకోండి బాబూ, కూకోండమ్మా," అంది పోలమ్మ. వంజరం చేప వేపుడు పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది. సెక్రటరీ గారు చేత్తో వారించి, కలం తీసి, సోఫా, టీవీ, ఫ్రిజ్ అని రాసుకోవడం మొదలుపెట్టారు. ఆయనకు అర్థం కాలేదు. నాకు గుమ్మంలోనే అర్థమైపోయింది.

"ఓడల చదువే ఎందుకమ్మా?" అని ఆయన పిల్లను అడిగారు.

నూకరత్నం తల్లి వైపు చూడకుండా జవాబిచ్చింది. "మా నాన్న ఎల్లే బోటు ఓ పాలి తిరగబడిపోనాది సార్. ఈదుకుని వచ్చీసినాడు. అందరూ గాలి అన్నారు, గంగమ్మకి కోపం అన్నారు. నాను బోటు సూసినాను. పైన బరువెక్కువైపోనాది, కొత్తగా కేబిన్ కట్టించినారు. అది ముందే సెప్పగలిగినోలు ఒకలుండాల గదా సార్. నాను అది నేర్సుకుంటాను."

సెక్రటరీ గారి కలం ఆగింది. ఆ జవాబు ఆయనకు నచ్చిందని నాకు తెలిసింది. ఇంకొక్క పది నిమిషాలు ఎవరూ రాకుండా ఉంటే ఏమయ్యేదో. ఇంతలో వసారాలోంచి ఒకావిడ తొంగి చూసి, "వొదినా, మాయత్తకి ఉక్కపోత్తంది, మా ఫ్యాను పట్టుకుపోదునా?" అంది.

సెక్రటరీ గారు నెమ్మదిగా అడిగారు. "ఈ ఫ్యాను మీది కాదా?"

పోలమ్మ వేపుడు పళ్ళెం ఆయన వైపు ఇంకాస్త జరిపింది.

"ఈ సోఫా?"

ఆయన కలం జేబులో పెట్టుకుని లేచారు. బయటికి వచ్చాక, "నూకరత్నం పేరు తీసెయ్యండి. ఇంటి పరిస్థితి మార్చి చూపించారు," అన్నారు.

"సార్, ఏసీ దాచినవాళ్ళూ వీళ్ళూ ఒకటేనా?"

"రూలు ఒకటే కదమ్మా."

"దాచింది లేమిని సార్. కలిమిని కాదు."

"ఏది దాచారన్నది మనం చూడం. దాచారా లేదా అన్నదే చూస్తాం," అని ఆయన కారెక్కారు. నేను ఎక్కలేదు.

పరువు

లోపలికి తిరిగి వెళ్ళేసరికి పోలమ్మ నేల మీద గోడకు చేరబడి కూర్చుని ఉంది. అంత పెద్ద సోఫా ఖాళీగా ఉంది. పిల్ల మెడలోని గొలుసులు ఒక్కొక్కటే తీసి గుడ్డలో చుడుతోంది.

"నాను వద్దన్నాను మేడమ్," అంది నూకరత్నం. "ఉన్నదున్నట్టు సూపించమన్నారు అని సెప్పినాను. ఇనలేదు."

"ఇంటాది ఏటి?" అంది పోలమ్మ విసురుగా. "పెద్దోలు ఇంటికొత్తంటే కటిక నేల మీద కూకోబెడతామేటి? ఎవులింటికి సుట్టాలొచ్చినా వీదంతా సామాన్లు మోసుకొత్తాం. పెల్లికైనా, పురుడికైనా. మా అమ్మ అలగే సేసింది, నాను అలగే సేసినాను. మోసమంటాడేటి ఆ బాబు?"

నేను ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. శుక్రవారం కమిటీ ఉందనీ, తిరస్కరించే ముందు ఎవరినైనా పిలిచి వాళ్ళ మాట వినాలన్నది కూడా మా రూలేననీ చెప్పాను. ఆ రూలు కూడా సెక్రటరీ గారిదే. "నువ్వు రా. ఈ సామాన్లు ఎవరివో వాళ్ళని కూడా తీసుకురా. ఇది నాది, ఇది నాది అని వాళ్ళ నోటితో చెప్పమను," అన్నాను.

పోలమ్మ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. "మా ఇంట్లో ఏటీ లేదని మా వీది సేతే సెప్పించమంటారా? అందరి ముందూ?"

"అవును," అన్నాను. ఆమె వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు. లేచి, తిన్నగా వెళ్ళి షోకేసు ఒక పక్క పట్టుకుని, "రండే, మోసీండి," అని బయటికి కేకేసింది.

శుక్రవారం

కమిటీలో సెక్రటరీ గారు కాక ఇంకో ఇద్దరు పెద్దలు ఉండేవారు. పన్నెండు దాటినా ఎవరూ రాలేదు. సెక్రటరీ గారు గడియారం చూసుకుని ఫైలు మూయబోతుంటే, కింద గేటు దగ్గర గొడవ వినబడింది. ట్రాలీ ఆటో నిండా ఆడవాళ్ళు. వాచ్‌మన్ ఆపుతున్నాడు, వాళ్ళు వాడిని తోసుకుని వస్తున్నారు. ముందు పోలమ్మ, అరిచేతుల్లో ఇంకా చేప పొలుసులు మెరుస్తూనే ఉన్నాయి. ఈసారి నేత చీర కట్టుకుంది. వెనక నూకరత్నం.

"సోపా నాది బాబూ," అంది మొదటావిడ. "మా కోడలు పుట్టింటోలు ఇచ్చినారు. కొత్తది, దాని మీద మేమే కూకోం."

"ప్రిజ్జు మాది. తీగ పీకకుండానే మోసినాం, అయిసు కరిగిపోద్దని."

"పెల్లిపోటో నాదే. తీసీమన్నాను, ఇనలేదు."

"ఫ్యాను నాది," అంది ఇంకొకావిడ ముఖం కొంగులో దాచుకుని. "నానే సెడగొట్టినాను బాబూ. మాయత్త సావగొట్టేత్తంది, అందుకని వచ్చినాను."

కమిటీలో ఒక పెద్దాయన నవ్వు ఆపుకోలేక దగ్గారు. సెక్రటరీ గారు నవ్వలేదు. అందరూ చెప్పేదాకా విని, పోలమ్మను అడిగారు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు, ఎకసెక్కం లేదు.

"అమ్మా, మీ వీధి ఇంత మంచిది. అడిగితే సోఫాలు ఇస్తారు, బంగారం ఇస్తారు. మరి పిల్ల చదువుకు వాళ్ళనే అడగొచ్చు కదా? మా దగ్గరికి ఎందుకొచ్చారు?"

పోలమ్మ అప్పటిదాకా తల వంచుకునే ఉంది. అప్పుడు ఎత్తింది.

"సోపా సాయంత్రానికి తిరిగిచ్చీగలం బాబూ," అంది. "పీజు ఎలగ తిరిగిచ్చీడం? తిరిగియ్యలేనిది మా వీదిలో ఎవులం అడగం."

నేను సెక్రటరీ గారి ముఖమే చూస్తున్నాను. జీవితమంతా తిరిగి ఇవ్వమని అడగడమే ఉద్యోగంగా చేసిన మనిషి ఆయన. ఆ మాట ఆయనకు తగిలినంతగా ఇంకెవరికీ తగిలి ఉండదు. ఫైలు తెరిచి, మిగతా ఇద్దరి వైపు తిప్పి, "నేను తప్పుగా చూశాను," అన్నారు. ఆ మాట ఆయన నోట నేను విన్నది అదొక్కసారే. మంజూరు చేశారు.

నేను ఊపిరి పీల్చుకున్నాను. కానీ కథ అక్కడ అయిపోలేదు.

సంతకం పెట్టడానికి కలం చేతిలోకి తీసుకుని పోలమ్మ అడిగింది. "ఎప్పటికి తిరిగియ్యాల బాబూ?"

"ఇవ్వక్కర్లేదమ్మా. ఇది సాయం."

పోలమ్మ కలం బల్ల మీద పెట్టేసింది. అంతే. సోమవారం ఎంతో దూరంలో లేదు. ఈ మనిషి మొండితనానికి పిల్ల సీటు పోతుందేమోనని నాకు ఏడుపొచ్చేసింది. ఆడవాళ్ళందరూ గుసగుసలు మొదలుపెట్టారు.

"నాను తిరిగిత్తాను," అంది నూకరత్నం. లోపలికి వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల మాట్లాడడం అదే మొదలు. "దరకాస్తు పెట్టింది నాను. ఉద్యోగం వచ్చాక నానే ఇత్తాను సార్. రాసుకోండి."

"మా దగ్గర వెనక్కి తీసుకునే పద్ధతి లేదమ్మా," అన్నారు సెక్రటరీ గారు.

"అయితే ఆ పద్దతి పెట్టండి సార్," అంది పిల్ల.

ఆయన నా వైపు చూశారు. నేను పైకప్పు వైపు చూశాను. ఆయన తన చేత్తోనే మంజూరు కాగితం కింద ఒక వాక్యం రాశారు. ఉద్యోగం వచ్చాక, వీలైనప్పుడు, వీలైనంత తిరిగి చెల్లిస్తాను అని. పోలమ్మ దాన్ని కూతురి చేత రెండుసార్లు చదివించుకుని, ముందు పిల్ల చేత పెట్టించి, అప్పుడు తను సంతకం పెట్టింది. సోమవారం కేరళ కాలేజీకి డబ్బు చేరింది.

ఆ వాక్యం గురించి

కొత్తగా చేరినవాళ్ళు ఇది శ్రద్ధగా వినాలి. ఆ వాక్యం అప్పటి నుంచి మా కాగితాల్లో శాశ్వతంగా ఉండిపోయింది. కానీ అందరి చేతా బలవంతంగా పెట్టించొద్దని నేను గట్టిగా పట్టుబట్టాను. కావాలన్నవాళ్ళు పెడతారు, లేనివాళ్ళు లేదు. తిరిగి ఇవ్వని పిల్లలకు ఫోను చేసి అడగొద్దు, నా మీద ఒట్టు. అడిగిన రోజున మనం బ్యాంకు అయిపోతాం, ఈ ఊళ్ళో బ్యాంకులు చాలా ఉన్నాయి. ఎవరూ అడక్కుండానే తిరిగిచ్చినవాళ్ళు ఎంతమందో ఉన్నారు. వాళ్ళ డబ్బుతో చదివిన పిల్లలూ ఉన్నారు. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. నేను గొప్ప పని చేశాను, నాకది తెలుసు.

ఇంటి పరిస్థితి మార్చి చూపించడం గురించిన రూలు కూడా సెక్రటరీ గారే తిరగరాశారు. ఏమి మార్చారో, ఎందుకు మార్చారో అడిగి తెలుసుకోవలెను అని చేర్చారు. మీ యాప్‌లో దానికి టిక్కు పెట్టే చోటు ఎక్కడుందో నాకు తెలియదు. లేకపోతే పెట్టించుకోండి.

దండం

ఈ ఉద్యోగంలో దండాలకు కొదవ ఉండదు. వద్దన్నా కాళ్ళకు దండం పెడతారు. సింహాచలం నుంచి ప్రసాదం తెచ్చి ఇస్తారు. ముందు సిగ్గుపడతాం, తర్వాత అలవాటు పడతాం. అలవాటు పడడం మంచిది కాదు.

పోలమ్మ మాత్రం ఒక్కసారి కూడా నాకు నమస్కారం పెట్టలేదు. నేను ఆదివారాలు చేపలకు వెళ్ళేదాన్ని. తూకం సరిగ్గా వేసేది, మంచి చేప ఏరి ఇచ్చేది, పిల్ల ఎలా ఉందంటే "బాగుంది" అనేది. అంతకు మించి ఒక్క ముక్క ఉండేది కాదు. పక్కవాళ్ళు "మేడమ్ గోరూ" అని చేతులు జోడిస్తే ఆమె తల తిప్పుకునేది. వీధి అందరి చేతా ఇల్లు ఖాళీ అని చెప్పించానన్న కోపం ఇంకా పోలేదనుకున్నాను. నాకు బాధగానే ఉండేది. పిల్ల చదువు పూర్తయింది, ఓడల డిజైన్ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది, అయినా ఆ తల మళ్ళీ నా వైపు తిరగలేదు.

నేను రిటైరయ్యే ముందు వేసవిలో నూకరత్నం ఆఫీసుకు వచ్చింది, తల్లితో. ఏటేటా కొంత కడుతూ వచ్చింది, ఆ రోజు ఆఖరిది కట్టింది. రసీదు తీసుకుని తల్లికి ఇచ్చింది. పోలమ్మ చదువుకుంది. ఈ మధ్యలో చదవడం నేర్చుకుందట, కూతురే నేర్పిందట. "అయిపోనాదా?" అని అడిగింది.

"అయిపోనాదమ్మా," అంది పిల్ల.

పోలమ్మ రసీదు మడిచి కొంగున ముడేసుకుంది. చేతులు కొంగుకు తుడుచుకుని, తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చి, నా ముఖంలోకి చూస్తూ రెండు చేతులూ జోడించింది.

"బాకీ ఉండగా దండమెట్టితే బతిమాలినట్టుంటాది మేడమ్," అంది. "అందుకే ఇన్నేళ్ళూ ఎట్టనేదు. ఏటనుకోకండి."

ఎన్నో ఏళ్ళుగా ఆ కుర్చీలో కూర్చుని ఎందరి దండాలో అందుకున్నాను. లేచి నిలబడి అందుకున్నది అదొక్కటే.